కొయ్యని దిక్కు సూది

మత్తు డాక్టరు మొఖం ఎవరికీ గుర్తుండదు. కోసిన సర్జన్‌కు కొబ్బరికాయ, శాలువా తెచ్చినవాళ్ళు పక్కన నిలబడ్డ నన్ను కాంపౌండరు అనుకొని ఆటో పిలవమన్నారు. ముప్పై ఏండ్లు దాటి అట్లా గడిపినవాడికి ఒక సౌకర్యం ఉంటుంది. చేసిన మంచికి పేరు రాదు, చేసిన తప్పు కూడా బయటపడదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను అనుభవాలు రాయమంటున్నారు. ప్రాణం నిలబెట్టిన రోజులు నాకూ కొన్ని ఉన్నాయి. అవి రాయడానికి చాలామంది ఉన్నారు. నేను బయటపడకుండా పోవలసిన ఒక తప్పు గురించి రాస్తాను.

కామారెడ్డిలో నేను చివరగా పనిచేసింది ఒక చిన్న దవాఖాన. ఒక సర్జన్, ఒక మత్తు డాక్టరు, ఎప్పుడూ ఏదో ఒకటి చెడిపోయి ఉండే థియేటరు. వారానికొక రోజు మాలో ఒకరు ఎల్లారెడ్డికి పోయి, అక్కడ అద్దె గదిలో పేషెంట్లను చూసి, ఆపరేషన్ అయినవాళ్ళ కుట్లు విప్పి వచ్చేవాళ్ళం.

నా కూడు వెన్నులో వేసే సూది మీద నడిచింది. కాన్పు ఆపరేషన్, హెర్నియా, విరిగిన కాలు, అన్నిటికీ అదే. మనిషిని టేబుల్ అంచున కూచోబెట్టి, వీపు నా దిక్కు తిప్పించి, నడుము మధ్యలో సూది. కండ్లు మూసుకొని వేస్తానని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఆ సూదికి ఒక గుణం ఉంది. వెన్ను మధ్యలో వేసేదానికి కుడీ ఎడమా లేవు. అన్నేండ్లలో ఒక్క పేషెంటును కూడా "ఏ దిక్కు?" అని అడగవలసిన పని నాకు పడలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్లు మా దగ్గర అప్పుడప్పుడు అయ్యేవి. రొమ్ము తీసేసి, చంకలోని గడ్డలు కూడా తీస్తారు. ఆ ఆడవాళ్ళకు నిద్రమత్తు ఇచ్చేవాణ్ణి, తర్వాత నొప్పికి సూదిమందు రాసేవాణ్ణి. సాయంత్రం వార్డు గుమ్మంలో నిలబడి "నొప్పి ఉన్నదా అమ్మా?" అని అడిగేవాణ్ణి.

"లే సారూ, మంచిగనే ఉన్న" అనేవాళ్ళు. కొంగు గొంతు దాకా కప్పుకొని, ఆపరేషన్ అయిన దిక్కు చెయ్యి కడుపుకు అదుముకొని అనేవాళ్ళు. నేను కేస్ షీట్‌లోని నొప్పి గడిలో పదికి రెండు అని వేసేవాణ్ణి. గుమ్మంలో నిలబడ్డ మగ డాక్టరుకు రొమ్ము నొస్తున్నదని ఏ ఆడమనిషి చెబుతుంది? చెబితే ఇంటికి పంపరని ఒక భయం. ఇవి నాకు తెలియక కాదు. రెండు వేసుకొని పోతే నా పని అయిపోయేది.

తర్వాత ఒక అమ్మాయి రెండో మత్తు డాక్టరుగా చేరింది. చదువు అప్పుడే ముగిసింది. వచ్చిన వారంలోనే నా దగ్గరికి వచ్చింది. రొమ్ముకు వెళ్ళే నరాలు వెన్నుపూసల పక్కన బయలుదేరుతాయి. కోసే దిక్కు ఆ చోట, స్కాన్ మిషన్ తెర మీద చూసుకుంటూ మత్తుమందు వేస్తే ఆ సగం ఛాతీ మొద్దుబారుతుంది. దీన్ని బ్లాక్ అంటారు. ఆ తర్వాత నిద్రమత్తు ఇచ్చి ఆపరేషన్ చేసినా, మెలకువ వచ్చాక గంటల తరబడి నొప్పి అంతగా తెలియదు. అది మొదలుపెడదామని ఆమె అడిగింది.

"ఇన్నేండ్లు ఇది లేకుంటనే చేసిన పిల్లా. ఎవరన్న సచ్చిన్రా?" అన్నాను.

"ఎవరు సావలేదు సార్. నొచ్చింది, అంతే."

మిషన్ గర్భిణుల స్కాన్ గదిది. దాన్ని థియేటరుకు తెప్పించడానికి ఆ అమ్మాయి ఎంతమంది చుట్టూ తిరిగిందో నేను చూశాను, సాయం మాత్రం చేయలేదు. ఆమె మొదటి బ్లాక్ వేసిన పేషెంటు ఆ మధ్యాహ్నమే దువ్వెన అడిగి, కోసిన దిక్కు చేత్తోనే తల దువ్వుకుంది. సర్జన్ అది చూసి వార్డులో అందరి ముందూ నా భుజం చరిచాడు.

"ఏందయ్యా, ఇన్నేండ్లు ఈ సూది ఏడ దాచినవ్?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది లోపల ఎక్కడ గుచ్చుకుందో ఈ కథలో తర్వాత తెలుస్తుంది.

ఆ అమ్మాయికి ఒక అలవాటు ఉండేది. సూది పట్టుకునే ముందు పేషెంటు ఎదురుగా పోయి నిలబడేది. "అవ్వా, ఏ దిక్కు ఆపరేషన్? చెయ్యి పెట్టి చూపియ్యి" అనేది. చూపించాక వీపు మీద ఆ దిక్కు ఒక ప్లాస్టర్ ముక్క అంటించేది.

"కేస్ షీట్ల రాసి ఉన్నది గద. సదువ రాదా?" అని ఎగతాళి చేశాను.

"వస్తది సార్. నా మీద నాకే నమ్మకం లేదు" అంది.

ఆమె పక్కన నిలబడి చూపిస్తుండగా నేనూ నాలుగైదు బ్లాకులు వేశాను. చెయ్యి తిరిగింది. సూది సంగతే నేర్చుకున్నాను, ఆ ప్రశ్న నేర్చుకోలేదు.

ఇక ఆ పేషెంటు. ఎల్లారెడ్డి అవతల, నిజాంసాగర్ పోయే తోవలో ఒక పల్లె ఆమెది. యాభై దాటిన మనిషి, బీడీలు చుట్టి బతికేది. ఎడమ రొమ్ములో గడ్డ. ముందురోజు సర్జన్ ఆమెను కూచోబెట్టి చెప్పాడు. ఆపరేషన్ తర్వాత క్యాన్సర్ మందులు ఎక్కిస్తారు, అవి అయినంక హైదరాబాదులో కరెంటు, అంటే రేడియేషన్, పెడతారు. కరెంటు పెట్టేటప్పుడు ఎడమ చెయ్యి తల మీదికి లేపి పండుకోవాలి.

"చెయ్యి లేవకుంటే మిషన్ల పండవెట్టరు, వాపస్ పంపుతరు. అందుకే ఆపరేషన్ అయిన తెల్లారి నుంచే చెయ్యి కదిలియ్యాలె. నొస్తున్నదని ముడుచుకుంటే జబ్బ పట్టేస్తది" అన్నాడు.

"చెయ్యి లేపుడేముంది సారూ, తునికాకు మోపులు లేపిన చెయ్యి ఇది" అని ఆమె అక్కడే లేపి చూపించింది.

మరునాడు ఎల్లారెడ్డి వంతు ఆ అమ్మాయిది. "సార్, ఈ కేసు ఒక్కరోజు జరుపుదమా? నేనుంట" అని అడిగింది.

"ఎందుకు, నాకు చేతుల్లేవా?"

"ఉన్నయ్ సార్" అని వెళ్ళిపోయింది.

పొద్దున్నే మిషన్ వచ్చింది. థియేటరులో పనిచేసే ప్లగ్గు ఒకటే, కుడి గోడకు. ఆ అమ్మాయి ఎప్పుడూ పొడవాటి వైరున్న కరెంటు బాక్సు తెచ్చి మిషన్‌ను కావలసిన దిక్కు జరుపుకునేది. ఆ బాక్సు ఆమె బీరువాలో ఉంది, తాళం ఆమె దగ్గర ఉంది. నేను వైరు అందినంత దూరంలో, పేషెంటు కుడి పక్కన మిషన్ పెట్టించాను. ఆమెను టేబుల్ అంచున కూచోబెట్టి వీపు నా దిక్కు తిప్పించాను. సర్జన్ వేసిన గుర్తు ముందర, ఛాతీ మీద ఉంది. నాకు కనిపిస్తున్నది వీపు. ముప్పై ఏండ్లుగా చూసిన వీపు. తెర ఏ దిక్కు ఉందో నా చెయ్యి ఆ దిక్కే పోయింది.

సిస్టర్ ఎదురుగా నిలబడి ఆమె భుజాలు పట్టుకుంది. సూది లోపలికి పోయింది.

"సారూ... గిటు..." అంది ఆమె.

"కదలకమ్మా, సూది ఉన్నది."

"గది కాదు సారూ, గిటు దిక్కు గద..."

"మాట్లాడకు. ఊపిరి మెల్లగ తీసుకో."

ఆమె ఊరుకుంది. తెర మీద మందు ఎక్కడ పరుచుకోవాలో అక్కడ పరుచుకుంది. ఫోన్‌తో ఒక ఫోటో తీయించుకున్నాను, ఆ అమ్మాయికి చూపించాలని.

సర్జన్ కత్తి పెట్టగానే ఆమె గుండె వేగం పెరిగింది. బ్లాక్ ఇంకా పట్టలేదేమో అనుకొని నిద్రమత్తు పెంచాను. మళ్ళీ పెరిగింది. "ఏందయ్యా, ఉరుకుతున్నది?" అన్నాడు సర్జన్. "సర్దుకుంటది" అన్నాను. ఆపరేషన్ అంతా అట్లాగే సర్దుతూ పోయాను. ఎందుకు పెరుగుతున్నదని ఒక్కసారి కూడా ఆగి ఆలోచించలేదు.

మెలకువ వచ్చాక ఆమె పండ్లు గిట్టకరుచుకొని ఉంది, నుదురంతా చెమట. నేను స్పిరిట్ దూది తీసుకొని ఎడమ దిక్కు, కట్టు పక్కన అద్దాను.

"సల్లగ తెలుస్తున్నదా?"

"తెలుస్తున్నది సారూ. మండుతున్నది..."

ఎందుకు చేశానో తెలియదు, కుడి దిక్కు అద్దాను.

"ఇక్కడ?"

"గక్కడ తెలుస్తలేదు. మొద్దువారింది."

నా ఉద్యోగంలో అంత చక్కగా పట్టిన బ్లాక్ మరొకటి లేదు. పట్టింది కొయ్యని దిక్కు.

అప్పుడు ఏం చేయాలో నాకు తెలుసు, మీకూ తెలుసు. ఆమెకు చెప్పాలి, సర్జన్‌కు చెప్పాలి, రాయాలి. ఇయ్యవలసిన మందు మొత్తం ఒక దిక్కు పోయింది కాబట్టి వెంటనే రెండో దిక్కు వేస్తే ప్రమాదం. కొన్ని గంటలు ఆగి, సాయంత్రం అసలు దిక్కు వేయవచ్చు. నేను కేస్ షీట్ తీసి "బ్లాక్ పనిచేయలేదు" అని రాశాను. నొప్పికి ఉన్న సూదిమందులు ఇప్పించాను. వాటికి ఆమె పచ్చి కుట్లతో వాంతులు చేసుకుంది. సాయంత్రం మిషన్ ఇంకా థియేటరులోనే ఉంది. మళ్ళీ బ్లాక్ వేస్తే ఎందుకు వేస్తున్నానో ఎవరో ఒకరికి చెప్పాలి. మిషన్‌ను నేనే స్కాన్ గదికి వాపస్ పంపాను.

పొద్దున వేసింది పొరపాటు. పొరపాటు ఎవరికైనా అవుతుంది. సాయంత్రం మిషన్ పంపింది మాత్రం బాగా ఆలోచించి చేసిన పని.

మరునాడు ఆమె కోడలు వరండాలో ఎదురైంది. "మా అత్త తెల్లందాక కన్ను మూయలే సారూ" అంది. చెయ్యి లేపమంటే ఆమె రెండు వేళ్ళ మందం లేపి, పెదవి కొరుక్కొని దించేసింది. నొప్పి గడిలో నేను ఆ రోజు రెండు వేయలేదు, నాలుగు వేశాను. నా నిజాయితీ అంత దూరమే పోయింది.

ఆ అమ్మాయి వచ్చి కేస్ షీట్ చదివింది.

"అసలే పట్టలేదా సార్? కొంచెం కూడ?"

"పట్టలే. అందరికి పట్టాలని రాసిపెట్టి ఉన్నదా?"

సర్జన్‌కు ఆ ఒక్కటి చాలింది. "మన దగ్గర ఈ షోకులన్ని ఎందుకు, పాతదే నడవనియ్యి" అన్నాడు. స్కాన్ గదివాళ్ళు మిషన్ పంపడం ఆపారు. తర్వాత వచ్చిన పేషెంటుకు బ్లాక్ లేకుండానే ఆపరేషన్ అయింది. సాయంత్రం నేను గుమ్మంలో నిలబడి నొప్పి ఉన్నదా అని అడిగాను. లే సారూ అంది. రెండు వేశాను.

ఆ వారంలోనే ఆ అమ్మాయి నా గదికి వచ్చింది. "నేను మీకు సరిగ్గ చూపియ్యలేదేమో సార్. సారీ" అంది. "పర్వాలే" అన్నాను. చేయని తప్పుకు ఆమె చెప్పిన క్షమాపణను, తప్పు చేసిన నేను పెద్దమనసుతో పుచ్చుకున్నాను.

కుట్లు విప్పే రోజు ఎల్లారెడ్డికి మేమిద్దరం పోవలసి వచ్చింది. సర్జన్ ఏదో పెండ్లికి పోయాడు, థియేటరులో పని లేదు. ఆ పేషెంటు కోడలితో వచ్చింది. ఎడమ చెయ్యిని కొంగుతో కడుపుకు కట్టుకొని ఉంది. ఆ అమ్మాయి కుట్లు విప్పుతూ చెయ్యి లేపమంది. నడుము దగ్గరి నుంచి జానెడు లేచి ఆగిపోయింది.

"ఆ రోజు శాన నొచ్చిందా అవ్వా?"

"నొచ్చుడు ఏం జెప్పాలె బిడ్డా. గీ దిక్కు మంటలు లేస్తుంటే గా దిక్కు నా పెయ్యి నాది కానట్టే ఉండె. పొద్దుమూకెదాక మొద్దువారే ఉన్నది."

కత్తెర ఆగింది.

"ఏ దిక్కు మొద్దువారింది అవ్వా? చెయ్యి పెట్టి చూపియ్యి."

ఆమె కుడి అరచేతిని కుడి ఛాతీ మీద పెట్టుకుంది. థియేటరులో నేను అడిగి ఉంటే అదే అరచెయ్యి ఎడమ దిక్కు చూపించేది.

ఆ అమ్మాయి నా మొఖం చూడలేదు. మిగిలిన కుట్లు విప్పింది, కత్తెరను ట్రేలో పెట్టింది, చేతులు తుడుచుకుంది. "నీళ్ళు తాగొస్త సార్" అని బయటికి పోయి తలుపు దగ్గరికి వేసింది. గదిలోనే నీళ్ళ కుండ ఉంది.

నేను ముందు కిటికీ దిక్కు చూశాను. తర్వాత చెప్పాను. "అమ్మా, ఆ రోజు సూది నేనే తప్పు దిక్కు ఏసిన. అందుకే నీకు నొచ్చింది."

"గదేంది సారూ!" అని కోడలు గొంతు పెంచింది.

"నువ్వు ఊకో పిల్లా" అని ఆమె నా దిక్కు తిరిగింది. "నేను చెప్పిన గద సారూ."

"చెప్పినవ్."

"మీరు కదలకు అంటిరి."

"అన్న."

"నేనేమనుకున్ననంటే, పెద్ద సదువులు గద, సూది గిటేస్తే మందు గటు పోతదేమో అనుకున్న."

ఆమె కొంగు సర్దుకుంది.

"వదులుగ చుట్టిన బీడీ ఉంటే కార్ఖానల టేకేదారు ఛాట్ జేస్తడు సారూ, ఏరేస్తడు. నా ముంగటనే ఇరిచి పారేస్తడు. పొద్దంత చేసిన పని పాయె. మీ పని జూసి ఛాట్ జేసేటోడు ఎవ్వడు లేడా?"

"లేడు."

"గందుకే" అంది.

కామారెడ్డికి తిరిగి వచ్చాక కేస్ షీట్ తీయించాను. పాత వాక్యాన్ని కొట్టేయలేదు. దాని కింద "బ్లాక్ పనిచేసింది. తప్పు వైపు వేసింది నేను" అని రాసి సంతకం చేశాను. సర్జన్ దాన్ని రెండుసార్లు చదివాడు. "ఇది రాయమని ఎవరన్న అడిగిన్రా నిన్ను?" అన్నాడు. ఎవరూ అడగలేదు. యాజమాన్యం ఒక హెచ్చరిక కాగితం ఇచ్చింది, తీసుకున్నాను. సిస్టర్ వచ్చి తలవంచుకొని నిలబడింది. "ఆమె అన్నది నేను కూడ విన్న సార్. పెద్దసారుకు తెల్వదా అనుకున్న" అంది. నాకున్న పెద్దరికం అట్లాంటిది. పక్కనున్న మనిషి తన చెవిని తానే నమ్మకుండా చేసింది.

మిషన్ మళ్ళీ థియేటరుకు వచ్చింది. పేషెంటు చెయ్యి పెట్టి చూపించేదాకా సూది ట్రే విప్పొద్దని సిస్టర్లకు నేనే చెప్పాను, సూది వేసేది నేనైనా సరే. ఆ అమ్మాయి ఈ విషయం మీద నాతో ఒక్కటే మాట అంది. "నాతోని సారీ చెప్పించుకున్నరు గద సార్."

అప్పటి నుంచి ఎల్లారెడ్డి వంతులు చాలావరకు నేనే తీసుకున్నాను. ఆ పేషెంటు చెయ్యి కసరత్తుకు వచ్చేది. గోడ దగ్గర నిలబడి వేళ్ళను గోడ మీద పైకి పాకించాలి, ఎక్కడ ఆగితే అక్కడ నేను సుద్దముక్కతో గీత గీయాలి. మొదలుపెట్టే ముందు ప్రతిసారీ ఒక తంతు ఉండేది.

"ముందుగాల ఏ దిక్కో చెప్పుండ్రి సారూ."

నేను నా ఎడమ భుజం మీద చెయ్యి పెట్టుకొని చూపించాలి. చూపించేదాకా ఆమె గోడ ముట్టేది కాదు. కోడలు పైటతో నోరు మూసుకొని నవ్వేది. బయట కూచున్న పేషెంట్లకు ఇదేం వైద్యమో అర్థమయ్యేది కాదు.

మందులు ఎక్కించిన నెలల్లో జుట్టు ఊడింది, మనిషి వాడిపోయింది. గీతలు ఒక్కోసారి కిందికి కూడా వచ్చాయి. హైదరాబాదుకు మొదటిసారి పోయినప్పుడు చెయ్యి తల మీద నిలవడం లేదని వాపస్ పంపారు. కరెంటు మొదలుకావడం అన్ని వారాలు ఆలస్యమైంది. ఆ ఆలస్యం నాది. దానివల్ల ఏమైనా నష్టం జరుగుతుందా అని పెద్ద డాక్టర్లను నేను అడగలేదు. వాళ్ళు చెప్పలేరని కొంత, చెబుతారేమోనని కొంత. రెండోసారి పోయినప్పుడు పండబెట్టారు.

కరెంటు అన్ని రోజులూ ముగించుకొని ఆమె ఎల్లారెడ్డికి వచ్చేసరికి నా ఉద్యోగానికి వారం మిగిలింది. జుట్టు కొద్దిగా మొలుస్తున్నది. బీడీల చాట మళ్ళీ ఒడిలోకి తీసుకున్నానంది, పూర్తి పని కాకపోయినా. గోడ దగ్గరికి పోయి ఏ దిక్కో చెప్పమంది. నేను చూపించాను. ఆమె వేళ్ళు పాత గీతలన్నీ దాటి పైకి పోయాయి. చెవి పక్కనుంచి చెయ్యి లేచింది. ఆమె కుడి చెయ్యి కూడా గోడ మీద పెట్టి, రెండింటినీ పక్కపక్కన చూసుకుంది. ఎడమది కొంచెం కిందనే ఆగింది. టేకేదారు చూసినట్టు అటూ ఇటూ పరీక్షగా చూసింది.

"సరే సారూ, పాస్ జేసిన. గని గీ రెండు వేళ్ళ మందం తక్కువున్నది. ఇది ఛాట్‌ల రాసుకోండ్రి."

నేను జేబులోంచి పెన్ను తీసి ఆమె కాగితం మీద రెండు అని వేశాను. ఉద్యోగంలో ఆడవాళ్ళ పేర్ల పక్కన నేను వేసిన రెండ్లన్నిటిలో పేషెంటు స్వయంగా కొలిచి చెప్పింది అదొక్కటే.